కరెంటు బండి మీద అరకు వెళ్లొచ్చాం

విశాఖలో ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న ప్రతివాడినీ జనం అడిగే ప్రశ్న ఒక్కటే: "అరకు ఎక్కుతుందా?" రోజూ ఆఫీసుకి వెళ్తుందా, భీమిలి వరకు వెళ్లి రాగలదా అని ఎవరూ అడగరు. అరకు ఎక్కితేనే బండి, లేకపోతే బొమ్మ. మా బావయితే నా బండి షోరూమ్ నుంచి ఇంటికొచ్చిన రోజునుంచీ ఇదే మాటతో పొడుస్తున్నాడు. బావంటే మా అక్క మొగుడు. పెందుర్తిలో ఉంటాడు. తన పాత పెట్రోల్ బండిని తప్ప ప్రపంచంలో మరో బండిని నమ్మడు.

డిసెంబర్‌లో ఓ బుధవారం ఇద్దరికీ సెలవు కుదిరింది. శని, ఆదివారాల్లో ఆ రోడ్డు మీద కార్ల వరస చూస్తే ఎవరికైనా వెనక్కి తిరిగి వచ్చేయాలనిపిస్తుంది, అందుకని మధ్యవారమే మేలు. "నువ్వు కరెంటు మీద రా, నేను పెట్రోల్ మీద వస్తా. ఘాట్‌లో ఆగిపోతే లాక్కురావడానికి తాడు నా దగ్గరుంది" అన్నాడు బావ. హాస్యానికి అన్నాడనుకున్నాను. కాదు, నిజంగానే కొబ్బరి తాడు చుట్ట ఒకటి బ్యాగులో పెట్టుకొచ్చాడు.

ముందురోజు రాత్రి నేను కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. మా ఇంటి నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. బండి బ్యాటరీ 3.7 కిలోవాట్ అవర్లు, అంటే ఇంటి మీటర్ లెక్కలో 3.7 యూనిట్లు. బండి, నేను, బ్యాగు, చార్జరు అన్నీ కలిపి బరువు 200 కిలోలు అనుకుందాం. 200 కిలోలను 1000 మీటర్లు పైకి ఎత్తాలంటే కావలసింది అర యూనిట్ పైచిలుకు, కచ్చితంగా చెప్పాలంటే 0.54. మోటారులో, బ్యాటరీలో వేడి రూపంలో పోయేది కలుపుకుంటే ముప్పావు యూనిట్. బ్యాటరీలో ఐదో వంతు. డబ్బుల్లో చెప్పాలంటే, సముద్రం ఒడ్డున ఉన్న ఒక మనిషినీ అతని బండినీ కొండ మీద పెట్టడానికి మా ఇంటి స్లాబులో నాలుగైదు రూపాయల కరెంటు చాలు. నమ్మబుద్ధి కాక మళ్లీ మొదటి నుంచి వేశాను. అదే అంకె వచ్చింది.

మరి బ్యాటరీని తినేది ఏమిటి? గాలి. వేగం రెట్టింపయితే ఎదురుగాలి తోపు నాలుగింతలవుతుంది. నా బండి 40–45లో వెళ్తే కిలోమీటరుకి పాతిక వాట్ అవర్లు పైచిలుకు తాగుతుంది. అదే 70లో వెళ్తే 40 దాటిపోతుంది. ఘాట్‌లో ఎలాగూ 30–35 దాటి పోలేం కాబట్టి అక్కడ గాలి ఖర్చు తగ్గి, ఎక్కే ఖర్చు పెరుగుతుంది. రెండూ కూడితే ఘాట్‌లో కిలోమీటరుకి పడేది, సాఫు రోడ్డు మీద 70లో పోతే పడేదానికి కాస్త అటూఇటూ అంతే. కాబట్టి జాగ్రత్త పడాల్సింది కొండ దగ్గర కాదు, కింద సాఫు రోడ్డున్న కొత్తవలస దగ్గర. ఇదంతా బావకి ఫోన్‌లో చెబితే, "పడుకోరా, పొద్దున్నే లేవాలి" అన్నాడు.

తెల్లవారుజామున 4:45కి బయల్దేరాను. బ్యాటరీ 100. ఎన్ఏడీ, గోపాలపట్నం, వేపగుంట అన్నీ ఖాళీగా ఉన్నాయి. పెందుర్తిలో బావ మఫ్లర్ చుట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అక్కడి నుంచి కొత్తవలస, ఎల్.కోట మీదుగా ఎస్.కోట, అంటే శృంగవరపుకోట. పొలాల మీద మంచు పల్చగా పట్టి ఉంది. స్పీడోమీటర్ ముల్లు 45 దగ్గర కట్టేసినట్టు నడిపాను. ఖాళీ రోడ్డు, చల్లగాలి, తిప్పితే దూసుకుపోయే బండి, అయినా 45. బావకి అది నరకం. పది నిమిషాలకోసారి ముందుకు వెళ్లిపోయి, ఎక్కడో టీ బడ్డీ దగ్గర ఆగి, నేను వచ్చేసరికి ఖాళీ గ్లాసు చూపించేవాడు.

ఎస్.కోట చేరేసరికి 58 శాతం. ఇంటి నుంచి 55 కిలోమీటర్లకి 42 శాతం పోయింది. రాత్రి వేసుకున్న లెక్కకి ఇంచుమించు సరిగ్గా వచ్చింది. నిజం చెప్పొద్దూ, ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన క్షణం అదే. వ్యూ పాయింట్లు తర్వాత.

ఇక్కడ చార్జింగ్ సంగతి చెప్పాలి. వీధుల్లో పెట్టే ఫాస్ట్ చార్జర్లు విశాఖలో కావలసినన్ని ఉన్నాయి గానీ కొండదారి పట్టాక వాటిని నమ్ముకోకూడదని ముందే అనుకున్నాను. మనతో తీసుకెళ్లే పోర్టబుల్ చార్జర్ సుమారు 700 వాట్లది. గంటకి 18, 19 శాతం ఎక్కుతుంది. దాని పిన్ను పెద్దది, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. ఫ్యాను, సెల్ చార్జర్ పెట్టే చిన్న ప్లగ్గులో కన్వర్టర్ తగిలించి గంటల తరబడి లాగితే ప్లగ్గు వేడెక్కే ప్రమాదం ఉంది. కాబట్టి హోటల్లోకి అడుగుపెట్టగానే మెనూ కాదు, గోడలు చూడాలి. గ్రైండర్ ఎక్కడుంది, ఫ్రిజ్ ఎక్కడుంది, వాటి పక్కన ఇంకో పెద్ద ప్లగ్గు ఉందా అని. మందపాటి తీగతో ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా తెచ్చుకున్నాను. అది లేకపోతే ఆ రోజు ప్రయాణం లేదు.

ఎస్.కోటలో రోడ్డు పక్కన ఒక చిన్న టిఫిన్ హోటల్. నడిపేది ఒక పెద్దావిడ. "అమ్మా, ఇడ్లీ తింటాం, బండి చార్జింగ్ పెట్టుకోవచ్చా? డబ్బులిస్తాం" అని అడిగాను.

"కరెంటు బండా బాబూ? ఎక్కడికెల్తన్నారు?"

"అరకమ్మా."

ఆవిడ బండిని ముందు నుంచి వెనక వరకు చూసింది. "ఎక్కుతాదేటి?"

బావ పగలబడి నవ్వాడు. ఆవిడ మాత్రం సీరియస్‌గానే, "గ్రైండర్ ప్లగ్గు కాళీగుంది, పిండి రుబ్బేసినాం. ఎట్టుకో" అంది. గంట పైన కూర్చున్నాం. ఇడ్లీ అయింది, పూరీ అయింది, టీ అయింది, ఇంకోసారి టీ అయింది. కరెంటుకి విడిగా డబ్బులివ్వబోతే, "అదెంతయిపోద్ది" అని తీసుకోలేదు. నిజానికి ముప్పావు యూనిట్ కూడా కాదు. 77 శాతంతో బయటపడ్డాం.

బొడ్డవర దాటాక ఎదురుగా కొండలు గోడలా నిలబడతాయి. కాశీపట్నం తర్వాత ఘాట్ మొదలు. నా బండిలో ఎకో మోడ్ పెడితే ఎక్కుడులో బండి మూలుగుతుంది. స్పోర్ట్ పెడితే ఎగిరి దూకుతుంది గానీ మోటారు వేడెక్కుతుంది. మధ్యలో ఉన్న మామూలు మోడ్‌లో 30కి అటూఇటూ పోనిచ్చాను. హెయిర్‌పిన్ మలుపుల్లో గేరు దించే పని లేదు, క్లచ్ లేదు. మలుపు తిరిగి తిప్పితే చాలు, మొదటి క్షణం నుంచే లాగుతుంది. ఈ ఒక్క విషయంలో బావ కూడా ఏమీ అనలేకపోయాడు. వెనక నుంచి అతని బండి మొదటి గేరుకీ రెండో గేరుకీ మధ్య కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అయితే టెన్షన్ మొదలైంది కూడా ఇక్కడే. స్క్రీన్ మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోగలమో చూపించే అంకె ఉంటుంది కదా, అది గడిచిన కొద్ది కిలోమీటర్ల ఖర్చుని బట్టి ముందు దూరాన్ని అంచనా వేస్తుంది. దానికి ముందు కొండ ఉందో దిగుడు ఉందో తెలీదు. కాశీపట్నం దగ్గర 80 చూపించిన అంకె, నాలుగు మలుపులు తిరిగేసరికి 52కి వచ్చింది. ఇంకో రెండు మలుపులకి 44. అరకు ఇంకా 40 పైన ఉంది. లెక్క తెలిసినవాడికి కూడా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టుంటుంది. ఆ అంకె మీద గ్లవ్ అడ్డం పెట్టుకుని, శాతం మాత్రమే చూస్తూ నడిపాను. ఘాట్ రోడ్డులో శాతాన్నే నమ్మాలి, ఆ కిలోమీటర్లని పట్టించుకోకూడదు. ఎవరైనా వెళ్లేట్టయితే ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

త్యాడ దాటాక మోటారు వేడి హెచ్చరిక వచ్చింది. వెంటనే ఆగిపోదు, శక్తి తగ్గించుకుంటుంది. తనని తాను కాపాడుకోవడానికి అలా చేస్తుంది, మంచిదే. ఓ వెడల్పాటి మలుపులో పక్కకి తీసి ఆపాం. బావ బ్యాగు జిప్పు తీసి తాడు పైకి లాగి నాకు చూపించి మళ్లీ లోపల పెట్టాడు. పావుగంట ఆగాం. జిప్పు తీసిన శబ్దానికి పిట్టగోడ మీది కోతులు రెండు దగ్గరికొచ్చాయి. ఒకటి నా సీటెక్కి అద్దంలో మొహం చూసుకుని, అద్దం వెనక చెయ్యి పెట్టి వెతికింది. ఇంకొకటి నేరుగా బ్యాగు దగ్గరికే వెళ్లింది. బావ దాన్ని అదిలించే పనిలో ఉండగా కింద లోయలోంచి కీచుమని ఇనుము రాసుకునే శబ్దం వచ్చింది. గూడ్స్ బండి.

ఇది కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, అందరూ కేకే లైన్ అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో వేశారు. ఈ కొండల్లో సొరంగం తర్వాత సొరంగం. శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్‌లో దేశంలోనే ఎత్తైన స్టేషన్ అని చాలాకాలం చెప్పుకున్నారు. ఖనిజంతో నిండిన వ్యాగన్లు కిందకి దిగుతాయి, ఖాళీవి పైకి ఎక్కుతాయి. ఈ కాలపు త్రీఫేజ్ ఇంజన్లు దిగుడులో బ్రేకు వేసినప్పుడు కరెంటు పుట్టించి పైన తీగలోకి తిరిగి పంపగలవు. మా స్కూటర్ చేసేదీ అదే పని. కాకపోతే మాది 200 కిలోలు, వాళ్లది వేల టన్నులు. బావకి ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, "అయితే దిగేటప్పుడు నీకు డబ్బులు తిరిగొస్తాయన్నమాట" అన్నాడు. కొంచెం వస్తాయి బావా, కొంచెం.

డముకు, అనంతగిరి. కాఫీ తోటలు ఇక్కడే చిక్కబడతాయి. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. డిసెంబర్ కాబట్టి కాయలు ఎర్రగా పండి ఉన్నాయి, తోటల్లో కోతలు సాగుతున్నాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక రోడ్డు పక్క ప్రతి బడ్డీకీ "ఒరిజినల్ అరకు కాఫీ" బోర్డు వచ్చేసింది. కొన్ని బడ్డీల్లో నిజంగానే బాగుంటుంది. చప్పుడు లేని బండి మీద వెళ్తుంటే ఈ దారి వేరేలా వినిపిస్తుంది. వాగు శబ్దం మలుపుకి ముందే తెలుస్తుంది, తోటలో కాఫీ కోసేవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాటలు చెవిన పడతాయి. దీంట్లో ఓ ఇబ్బంది కూడా ఉంది. మేకలకీ, తలమీద మోపుతో నడిచే ఆడవాళ్లకీ వెనకాల బండి వస్తోందని తెలీదు. అలవాటు లేకపోయినా ప్రతి వంపులో హారన్ కొట్టాల్సి వచ్చింది.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర 33 శాతం. ఫొటోలు, జనం, మొక్కజొన్న పొత్తులు. దాని గురించి రాయడానికి కొత్తగా ఏమీ లేదు. అక్కడి నుంచి సుంకరిమెట్ట మీదుగా అరకుకి ఎక్కువగా దిగుడే. దారిలో వలిసె పూల తోటలు పసుప్పచ్చగా ఉన్నాయి, తోటలోకి వెళ్లి ఫొటో దిగాలంటే మనిషికి ఇంతని వసూలు చేస్తున్నారు. రైతుకి నూనెగింజల కన్నా సెల్ఫీల మీదే ఎక్కువ గిట్టుతోందేమో, మంచిదే. 18 శాతం ఉందనగా అరకు చేరాం. టైము పదిన్నర.

యాప్‌లో అరకులో ఒక చార్జర్ చూపించింది. వెళ్లి చూస్తే గోడకి పెట్టె ఉంది, పెట్టెకి స్క్రీన్ ఉంది, స్క్రీన్‌లో ప్రాణం లేదు. కాపలా అతను, "వారం నించీ అలాగే ఉంది సార్" అన్నాడు. అందుకే ఇంట్లోంచి చార్జర్ మోసుకొచ్చింది. పక్కనే గదులు కూడా ఉన్న ఒక హోటల్‌కి వెళ్లి, భోజనం ఇక్కడే చేస్తాం, ప్లగ్గు కావాలన్నాం. మేనేజర్ కుర్రాడు వంద రూపాయలు అడిగాడు. నాలుగు గంటలకి వంద, బేరం ఆడలేదు. గీజర్ ప్లగ్గు ఉన్న కింది గది తలుపు తీసి ఇచ్చాడు, బండిని వరండాలోకి ఎక్కించాం. 11కి పెట్టాను.

నాలుగు గంటలు ఎలా గడపాలన్నది కరెంటు బండి ప్రయాణంలో నిజమైన సమస్య. బావ బండి మీద ఇద్దరం గిరిజన మ్యూజియంకి వెళ్లాం. పద్మాపురం గార్డెన్స్ బయట నుంచి చూసి వచ్చేశాం. తర్వాత బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె వేయరు. బొంగు పైన నల్లబడి, మూతి దగ్గర నీరు బుడగలు కట్టి పొంగుతుంటే అమ్మేవాడు కర్రతో తట్టి చప్పుడు విని, "అయిపోయింది" అన్నాడు. ఆకు పరిచి బొంగు వంచితే పొగతో పాటు ముక్కలు జారాయి. బావ మాట్లాడటం మానేసిన కొద్దిసేపు అదే.

ఒంటిగంటకి ఫోన్‌లో చూస్తే చార్జింగ్ ఆగిపోయి ఉంది. కరెంటు పోయింది. హోటల్‌కి జనరేటర్ ఉంది గానీ దాని మీద లైట్లు, ఫ్యాన్లు తప్ప పవర్ ప్లగ్గులు పనిచేయవట. అరగంట పైన వరండాలో అటూఇటూ తిరిగాను. మన చేతిలో లేని విషయానికి ఎంత లెక్క వేసినా లాభం లేదు. కరెంటు వచ్చాక మళ్లీ ఎక్కడం మొదలెట్టింది. మూడు దాటేసరికి 73. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలి కాబట్టి ఇక చాలనుకున్నాం. 100 చేయకపోవడం ఒకందుకు మంచిదే. బ్యాటరీ నిండుగా ఉంటే దిగుడులో పుట్టే కరెంటుకి చోటుండదు, అప్పుడు రీజెన్, అంటే మోటారే బ్రేకులా పట్టి కరెంటు పుట్టించడం, తగ్గిపోయి భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది.

తిరుగు దారిలో మొదట ఎక్కాలి, అరకు లోయ కదా. గాలికొండ దగ్గరికి వచ్చేసరికి 52. అక్కడి నుంచి అసలు తమాషా. యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు, బండి తనంతట తనే పట్టి ఉంచుతుంది, స్క్రీన్ మీద పచ్చ గీత బ్యాటరీ వైపు పరుగెడుతుంది. మలుపుకి ముందు మాత్రం బ్రేకు. అనంతగిరి దాటాక కూడా 52. డముకు దగ్గర 53. కిలోమీటర్లు పెరుగుతుంటే చార్జింగ్ కూడా పెరగడం చూస్తే చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది. బావ రెండో గేరులో ఇంజన్ బ్రేకు మీద దిగుతున్నాడు, అయినా మధ్యలో ఒకసారి ఆపి డిస్కు వాసన చూసుకున్నాడు. నా బ్రేకులు చేత్తో తాకేంత చల్లగా ఉన్నాయి. కిందికొచ్చేసరికి దిగుడు పల్చబడి మళ్లీ ఖర్చు మొదలై కాశీపట్నంలో 49 దగ్గర నిలిచింది. కొండ పైనుంచి కిందకి మొత్తం 3 శాతం. దిగుడు తిరిగిచ్చిందంతా దాదాపుగా దారి ఖర్చుకే సరిపోయింది, చేతికి మిగల్లేదు. కానీ నా జేబులోంచీ పోలేదు.

ఎస్.కోట చేరేసరికి చీకటి పడింది, 41 శాతం. ఇంటికి 42 కావాలి. మళ్లీ అదే హోటల్. పొద్దున్న చూసిన పెద్దావిడే ఉంది. "ఎక్కిందేటి?" అంది. ఎక్కిందమ్మా. "మరింకేటి, ఎట్టుకో" అని గ్రైండర్ వైపు చూపించింది. ముప్పావుగంటకి 55 అయింది. ఈ ముప్పావుగంటలో మిరపకాయ బజ్జీలు, ఉల్లి గారెలు, టీ.

రాత్రిపూట సాఫు రోడ్డు మీద లారీల మధ్య 45లో పోవడం పొద్దున్న ఉన్నంత సుఖంగా లేదు. వెనక నుంచి హెడ్‌లైట్లు పొడుస్తుంటే కొన్నిచోట్ల 60 వరకు లాగాల్సి వచ్చింది, దాని ఖరీదు వెంటనే స్క్రీన్ మీద కనిపించింది. పెందుర్తిలో 21 శాతం. బావ ఇంటి దగ్గర ఆగి అక్కకి కాఫీ పొట్లం ఇచ్చాను. పొద్దున్నుంచి ఎక్కిన కరెంటు లెక్క చెప్పాను. హోటళ్లలో ఎక్కింది మూడున్నర యూనిట్లు కూడా లేదు, ఇంటి నుంచి నింపుకున్నది 3.7. అన్నీ కలిపితే ఏడు, ఏడున్నర యూనిట్లు. ఇంట్లో రేటుకి యాభై రూపాయలు దాటదు. బావకి పెట్రోల్ ఐదొందలు అయింది.

బావ చెప్పులు విప్పుతూ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పొద్దున ఇడ్లీ, పూరీ, నాలుగు టీలు. అరకులో ప్లగ్గుకి వంద, ప్లగ్గు కోసం భోజనం, కాలక్షేపానికి మ్యూజియం టికెట్లు, బొంగులో చికెన్. సాయంత్రం బజ్జీలు. ఇద్దరికీ కలిపి పధ్నాలుగొందలు. ఒక్కణ్నే నా బండి మీద వెళ్తే ఒక్క టీ తాగి వచ్చేసేవాణ్ని."

"వచ్చేసి ఏం చేసేవాడివి?" అంది అక్క లోపలి నుంచి.